తీగ మీద ఊరి టీవీ

పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఫొటో టీవీలో కనిపించింది! కాసేపటికి తెర అడుగున ఇంకో కబురు... రేపు ఫలానా వీధికి కుళాయి నీళ్లు రావు. ఆ వెనకే మరొకటి... సంతలో సర్టిఫికెట్లు పోయాయి, దొరికినవారు దయచేసి అందజేయగలరు. హైదరాబాద్‌ ఛానళ్లకు ఇవి వార్తలే కావు. పలాస, టెక్కలి లాంటి ఊళ్లకు మాత్రం ఇవే ముఖ్యాంశాలు. వాటి కోసం పుట్టిందే లోకల్‌ ఛానల్‌.

మేడ మీద డిష్‌

హైదరాబాద్‌ దూరదర్శన్‌ కేంద్రం 1977లో మొదలైంది. చాలాకాలం తెలుగువారికి అదే దిక్కు. 1991లో గల్ఫ్‌ యుద్ధాన్ని సీఎన్‌ఎన్‌ ప్రత్యక్షంగా చూపించడంతో దేశంలో డిష్‌ యాంటెన్నాల మీద మోజు మొదలైంది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. ఇంకేం... చిన్న పట్టణాల కుర్రాళ్లకు కొత్త ఉపాధి దొరికింది. మేడ మీద డిష్‌, గదిలో వీసీఆర్‌, స్తంభం నుంచి స్తంభానికి తీగ. దూరం పెరిగేకొద్దీ సిగ్నల్‌ నీరసిస్తుంది కాబట్టి మధ్యమధ్యలో యాంప్లిఫయర్లు. డిష్‌లో వచ్చే ఛానళ్లన్నీ పంచాక ఒకటి సొంతానికి ఉంచుకునేవారు. రాత్రికి సినిమా, పండక్కి ఊరి జాతర, మధ్యలో బట్టల కొట్టు ప్రకటన! తీగ లాగిన కుర్రాడే కెమెరామన్‌, అవసరమైతే న్యూస్‌రీడర్‌ కూడా.

1995లో కేబుల్‌ టీవీ చట్టం వచ్చింది. ఆపరేటర్లు హెడ్‌ పోస్టాఫీసులో పేరు నమోదు చేయించుకోవాల్సి వచ్చింది. టవరు కట్టి నేరుగా ఇళ్ల యాంటెన్నాలకు ప్రసారం చేసే అవకాశం మాత్రం ప్రైవేటువారికి లేదు. అందుకే ఊరి ఛానల్‌ బతుకంతా ఆ తీగ మీదే!

ఆ తెల్లవారుజామున...

2018 అక్టోబరు 11. తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు విరిగిపడ్డాయి. స్తంభం పడితే తీగా పడుతుంది, కరెంటు లేకపోతే టీవీ వెలగదు. ఏ దారి తెరిచారు, తాగునీళ్లు ఎక్కడ దొరుకుతాయి... జనానికి ఊరి కబురు ప్రాణావసరమైన రోజుల్లోనే ఊరి టీవీ మూగబోయే పరిస్థితి. బ్యాటరీ రేడియోకున్న ధీమా దానికి లేదు.

అంతకు ఏడాదిన్నర ముందే మరో దెబ్బ. 2017 మార్చి 31తో పల్లెల్లోనూ కేబుల్‌ ప్రసారాలు డిజిటల్‌గా మారాలన్నది గడువు. సెట్‌టాప్‌ బాక్సులొచ్చాయి. డిజిటల్‌ కంట్రోల్‌ రూమ్‌ పెట్టడం చిన్న ఆపరేటరుకు తలకు మించిన భారం. పెద్ద సంస్థల నెట్‌వర్కులో చేరిపోక తప్పలేదు. తర్వాత చేతిలోకి స్మార్ట్‌ఫోన్‌ వచ్చింది. పెళ్లి ఫొటో, పోయిన సర్టిఫికెట్‌... అన్నీ వాట్సాప్‌ గ్రూపుల్లోకి చేరాయి.

అయితే ఒక తేడా ఉంది. ఫోన్లో వచ్చే పుకారుకు చిరునామా ఉండదు. ఊరి ఛానల్‌కు ఉంటుంది. తప్పు చెబితే నెలాఖరున కేబుల్‌ డబ్బులకు వచ్చినప్పుడు గుమ్మంలోనే నిలదీయొచ్చు!