జ్వరం కంటే ముందు నాడి చెబుతుంది

37 వారాలు నిండకుండానే ఉమ్మనీరు పోవడం నూటికి సుమారు ముగ్గురు గర్భిణులలో జరుగుతుంది. బిడ్డ చుట్టూ ఉన్న పొర చిరిగితే యోని నుంచి సూక్ష్మక్రిములు పైకి పాకే దారి తెరుచుకుంటుంది. అక్కడి నుంచి ప్రతి గంటా లెక్కలోకి వస్తుంది.

కర్ణాటక నుంచి ఐర్లండ్ వెళ్లి స్థిరపడిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్‌కు 31 ఏళ్లు, 17వ వారం. 2012 అక్టోబర్ 21న గాల్వేలో ఆసుపత్రిలో చేరిన రోజే రక్తపరీక్షలో తెల్లకణాలు 16,900. గర్భిణులలో ఈ సంఖ్య కాస్త ఎక్కువే ఉంటుంది, కానీ 15,000 దాటితే ఆరా తీయాలి. ఎవరూ తీయలేదు. ఆ అర్ధరాత్రి దాటాక ఉమ్మనీరు పోయింది. పిండం గుండె కొట్టుకుంటోందని, అడిగినా గర్భస్రావం చేయలేదు. 23వ తేదీ రాత్రి 7 గంటలకు నాడి 114. తెల్లవారుజామున వణుకు వస్తే దుప్పటి ఇచ్చారు. ఉదయం 6:30కు జ్వరం 39.6 డిగ్రీల సెల్సియస్, నాడి 160, దుర్వాసనతో స్రావం. 28న ఆమె సెప్సిస్‌తో, అంటే ఒళ్లంతా విషమించిన ఇన్ఫెక్షన్‌తో, కన్నుమూశారు. నాలుగు గంటలకోసారి నాడి, ఉష్ణోగ్రత, శ్వాస, బీపీ చూడాలన్న నియమం పాటించలేదు. ఆమెను కాపాడే 13 అవకాశాలు చేజారాయని 2013లో అక్కడి ఆరోగ్య ప్రమాణాల సంస్థ తేల్చింది.

ఆ 114 దగ్గరే నా మనసు ఆగిపోతుంది. వయసులో ఉన్న తల్లి గుండె వేగం పెంచి బీపీని నిలబెట్టుకొస్తుంది. అందుకే బీపీ పడిపోయేసరికి చాలా ఆలస్యమవుతుంది. జ్వరం కోసం ఎదురుచూడటమూ అంతే ప్రమాదం. పారాసిటమాల్ వేసుకుంటే అది అసలు కనిపించకపోవచ్చు కూడా.

నీరు పోతోందనిపిస్తే నొప్పులు రాకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పరీక్షించాక డాక్టరు ఇంటికి పంపితే, పడుకుని, మణికట్టు దగ్గర బొటనవేలి కింద రెండు వేళ్లు పెట్టి పూర్తి నిమిషం లెక్కపెట్టండి. నాడి 100 దాటి దిగకపోయినా, జ్వరం 100.4 ఫారెన్‌హీట్‌కు చేరినా, శ్వాస నిమిషానికి 20 మించినా ఆగొద్దు, మళ్లీ ఆసుపత్రికి వెళ్లండి. చలి, వణుకు, పొత్తికడుపు నొక్కితే నొప్పి, నీరు పచ్చగా మారడం లేదా కంపు కొట్టడం, బిడ్డ కదలిక తగ్గడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చాలు. రెండోది కనిపించేదాకా చూడొద్దు.

108కి ఫోన్ చేసినా, డ్యూటీ డాక్టరుతో మాట్లాడినా ముందు చెప్పాల్సినవి నాలుగు: ఎన్నో వారం, నీరు ఎప్పుడు పోయింది, నాడి ఎంత, జ్వరం ఎంత.