వార్తల్లో పదం: రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్

2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. ధర్మవరం, కదిరి అటు వెళ్లాయి. పామిడి అనంతపురం జిల్లాలోనే ఉండిపోయింది. వెబ్ పేజీల్లో 'అనంతపురం జిల్లా' అన్న చోటల్లా కొత్త పేరు పెట్టేస్తే పామిడి కూడా జిల్లా మారిపోతుంది. అందుకే జావాస్క్రిప్ట్‌లో పదాన్ని కాదు, నమూనాను, అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ను ఇచ్చి వెతకాలి: /(ధర్మవరం|కదిరి), అనంతపురం జిల్లా/. దొరికిన ఊరి పేరును, కొత్తగా పెట్టే పాఠంలో రాసే $1 అలాగే నిలుపుతుంది, జిల్లా పేరే మారుతుంది. నమూనా చివర 'జీ' (g) గుర్తు లేకపోతే, మార్పు చేసే రీప్లేస్ (replace) ఆదేశం మొదటి చిరునామాతోనే ఆగిపోతుంది. చేత్తో దిద్దుకుంటే చాలదా అనొచ్చు. వేల చిరునామాల్లో కన్ను తప్పడం ఖాయం. అయితే పదం హద్దును పట్టే 'బీ' (\b) గుర్తు తెలుగు అక్షరాలను గుర్తించదు, దాన్ని నమ్మకూడదు. 2022 ఏప్రిల్ 4కు ముందరి రికార్డులను మాత్రం ముట్టుకోకండి. అప్పటికి ఆ ఊళ్లు అనంతపురం జిల్లావే.