పాపికొండలు వెళ్తున్నారా? గది బుక్ చేసే ముందు ఇవి అడగండి

ఫొటోలో వెదురు గుడిసె, ఎదురుగా గోదావరి. చూడగానే అడ్వాన్స్ కట్టేయాలనిపిస్తుంది. కాస్త ఆగండి. ఏజెన్సీలో బసకు గది కన్నా ముందు చూడాల్సింది దారి.

ఎప్పుడు వెళ్లాలి?
జులై నుంచి సెప్టెంబరు వరకు గోదావరికి వరదల కాలం. కచ్చులూరు వద్ద పర్యాటక బోటు మునిగింది 2019 సెప్టెంబరు 15న, నది వరద మీద ఉన్నప్పుడే. నీటిమట్టం పెరిగితే అధికారులు బోట్లు ఆపేస్తారు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన సమయం.

ఒడ్డునా, అడవిలోనా?
నది ఒడ్డున కొన్ని గుడిసెలకు బోటు ఒక్కటే దారి. అర్ధరాత్రి ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే బయటపడటం కష్టం. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే మారేడుమిల్లి మేలు. అక్కడికి రాజమహేంద్రవరం నుంచి రోడ్డు ఉంది.

ఏం అడగాలి?
* సెల్ సిగ్నల్ ఏ నెట్‌వర్క్‌కు వస్తుంది?
* కరెంటు పోతే జనరేటర్ ఉందా?
* దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం?
* దోమతెర ఇస్తారా? ఇది మలేరియా ఉన్న ప్రాంతం.
* బోట్లు ఆపేస్తే డబ్బు వాపసు ఇస్తారా? ఈ జవాబు ఫోన్లో విని ఊరుకోకండి, వాట్సాప్‌లో రాయించుకోండి.

డబ్బు ఎవరికి కట్టాలి?
పర్యాటక శాఖ, అటవీ శాఖ బసలైతే వాటి అధికారిక సైట్లలోనే బుక్ చేసుకోండి. గూగుల్‌లో కనిపించిన ఫోన్ నంబరును నమ్మి యూపీఐలో పంపొద్దు. మోసపోయామని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

బోటెక్కాక లైఫ్ జాకెట్ ఒళ్లో పెట్టుకోవద్దు. తొడుక్కోండి.