స్టార్‌లింక్ వస్తే మీ డీటీహెచ్ డిష్‌కు డిస్టర్బెన్స్ తప్పదా? ఎడ్లపాడు నుంచి లెక్కేస్తే..

వాన పడితే టీవీలో బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోవడం మామూలే. కానీ వాన లేదు, మబ్బు లేదు, మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తోంది.. అయినా కొద్ది నిమిషాలు సిగ్నల్ పోయిందా? మార్చి రెండో వారంలోనో, సెప్టెంబర్ చివర్లోనో అయితే డిష్ పాడైందని కంగారు పడకండి. ఆ టైంలో సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వస్తాడు. డిష్‌కు శాటిలైట్‌తో పాటు సూర్యుడి రేడియో శబ్దం కూడా వినిపిస్తుంది. అసలు సిగ్నల్ అందులో మునిగిపోతుంది.

ఇంటర్‌ఫియరెన్స్ అంటే ఇదే. సూర్యుడు ఎప్పుడొస్తాడో ముందే చెప్పొచ్చు. మరి వేల సంఖ్యలో పరిగెత్తే స్టార్‌లింక్ శాటిలైట్ల సంగతేంటి? 2025 జూన్‌లో టెలికాం శాఖ లైసెన్స్ ఇచ్చింది, జులైలో ఇన్‌స్పేస్ అనుమతి వచ్చింది. మన డీటీహెచ్ వాడే కేయూ బ్యాండ్‌లోనే స్టార్‌లింక్ కూడా ఇళ్లకు సిగ్నల్ పంపుతుంది. అందుకే ఇంజినీర్లు ముందు కంప్యూటర్‌లో సిమ్యులేషన్ చేసి చూస్తారు.

ఎడ్లపాడు డాబా మీద నుంచి..

పల్నాడు జిల్లా ఎడ్లపాడులో ఒక డాబా మీద 60 సెంటీమీటర్ల డిష్ ఉందనుకోండి. అది 83 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరున్న జీశాట్-24 వైపు చూస్తోంది. 2022 జూన్‌లో వెళ్లిన ఈ శాటిలైట్‌ను టాటా ప్లే వాడుకుంటోంది. ఎడ్లపాడు నుంచి చూస్తే అది దక్షిణానికి కాస్త తూర్పుగా, దాదాపు 70 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. (కొండవీడు కొండలు అడ్డొస్తాయేమో అనే డౌట్ అక్కర్లేదు. అంత ఎత్తుకు ఏ కొండా రాదు.)

సాఫ్ట్‌వేర్‌లో మొదట గీసేది ఈ లింకే. శాటిలైట్ ఎంత పవర్‌తో పంపుతోంది, దారిలో ఎంత పోతోంది, డిష్ ఎంత పట్టుకుంటోంది అని లెక్క కడుతుంది. దూరం సుమారు 36,100 కిలోమీటర్లు. 11 గిగాహెర్ట్జ్ దగ్గర దారిలో పోయేది 204 డెసిబెల్స్ పైనే. అంటే రెండు వైపులా యాంటెన్నాలు సిగ్నల్‌ను ఒకచోటికి చేర్చకపోతే, 1 పక్కన 20 సున్నాలు పెట్టిన సంఖ్యలో ఒక వంతు కూడా మనకు చేరదు! అంత బక్క సిగ్నల్‌తో మనం సీరియల్స్ చూస్తున్నాం.

ఇప్పుడు రెండో లింక్, అంటే డిస్టర్బ్ చేసేది. స్టార్‌లింక్ శాటిలైట్లు చాలావరకు 550 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి. దూరం 65 రెట్లు తక్కువ కాబట్టి దారిలో పోయే నష్టం 4,000 రెట్లకు పైగా తక్కువ. అందుకే వాటి పవర్‌కు అంతర్జాతీయంగా కట్టుబాట్లున్నాయి. ఆ పరిమితులు 2000లో ఇస్తాంబుల్‌లో జరిగిన ప్రపంచ రేడియో సదస్సులో ఖరారయ్యాయి. రూల్ సింపుల్: కింద తిరిగే శాటిలైట్లు పైన స్థిరంగా ఉన్నవాటిని ఇబ్బంది పెట్టకూడదు.

4 సెకన్లలో దాటేస్తుంది

అసలు చిక్కు ఇక్కడుంది. మన డిష్ చూపు వెడల్పు దాదాపు 3 డిగ్రీలు. సెకనుకు 7 కిలోమీటర్లకు పైగా వేగంతో వెళ్లే శాటిలైట్ ఆ చూపును సుమారు 4 సెకన్లలో దాటేస్తుంది. సిమ్యులేషన్‌లో నిమిషానికి ఒకసారే లెక్క చూస్తే? చాలాసార్లు అది కనపడకుండానే పోతుంది. రిపోర్ట్‌లో మాత్రం 'అంతా ఓకే' అని వస్తుంది. అందుకే టైం గ్యాప్ సెకన్లలో పెట్టి, రోజుల తరబడి నడపాలి. చివరికి వచ్చే జవాబు అవును, కాదు అని ఉండదు. మొత్తం టైంలో ఎంత శాతం డిస్టర్బెన్స్ పరిమితి దాటింది అని ఉంటుంది.

ఇంకో తప్పు కూడా జరుగుతుంటుంది. స్టార్‌లింక్ కస్టమర్‌కు ఒకే శాటిలైట్‌తో లింక్ గీసేయడం! నిజానికి అది మారుతూనే ఉంటుంది. ఏ క్షణంలో ఏ శాటిలైట్‌ను ఎంచుకుంటుంది, డీటీహెచ్ శాటిలైట్లు ఉండే వరుసకు ఎన్ని డిగ్రీలు దూరం పాటిస్తుంది.. ఈ రూల్స్ మోడల్‌లో లేకపోతే వచ్చిన అంకెలకు విలువ లేదు.

శ్రీహరికోట నుంచి 2022 అక్టోబర్‌లో, 2023 మార్చిలో ఇస్రో పంపిన వన్‌వెబ్ శాటిలైట్లది మరో పద్ధతి. భూమధ్యరేఖ దగ్గరికి వచ్చేసరికి అవి కాస్త వంగి, సిగ్నల్‌ను పక్కకు తిప్పుకుంటాయి.

లండన్‌కు, మనకు తేడా

లండన్‌లో ఆ శాటిలైట్ల వరుస ఆకాశంలో 31 డిగ్రీల ఎత్తులోనే ఆగిపోతుంది. దాన్ని వదిలేసినా నడినెత్తిన బోలెడు ఖాళీ. ఎడ్లపాడులో అలా కాదు. వరుస నడినెత్తికి 19 డిగ్రీల దూరంలోనే ఉంది. 18 డిగ్రీలు దూరం పాటించాలనుకోండి, దాదాపు నడినెత్తి దాకా ఆకాశం వాడుకోడానికి ఉండదు. అంటే డీటీహెచ్‌ను కాపాడాలంటే ఇంటర్నెట్ వాళ్లకు మంచి ఆకాశం తగ్గుతుంది. ఇద్దరిలో ఎవరికి ఎంత అనేదే అసలు గొడవ.

2000 నాటి పరిమితులు పాతబడ్డాయి, సడలించాలి అని స్పేస్‌ఎక్స్ అడుగుతోంది. అమెరికా ఎఫ్‌సీసీ 2025 ఏప్రిల్‌లో వాటి సమీక్ష మొదలుపెట్టింది. స్థిర శాటిలైట్ల కంపెనీలు మాత్రం ఒప్పుకోవడం లేదు. వాళ్లూ వీళ్లూ చూపించేవి సిమ్యులేషన్ లెక్కలే. మన దగ్గర సడలింపు మాట వస్తే లండన్ ఆకాశం పెట్టి చేసిన లెక్క పనికిరాదు. 16 డిగ్రీల అక్షాంశం పెట్టి, మన వానాకాలం సిగ్నల్ నష్టం కూడా కలిపి మళ్లీ చేయాల్సిందే.