గ్యాస్ అనుకుంటే గంటలు పోతాయి

"టీచర్, మా నాన్నకు రాత్రంతా గ్యాస్. ఛాతీ పట్టేసిందట. సోడా తాగి పడుకున్నాడు."

ఆలస్యంగా ఎందుకొచ్చావని అడిగితే మా ఏడో తరగతి పిల్లవాడు చెప్పిన జవాబిది. వాళ్ల నాన్న కాడుగోడి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో సెంట్రింగ్ పని చేసేవాడు. వయసు నలభై దాటలేదు. మధ్యాహ్నం ఈసీజీ తీస్తే తేలింది, అది గ్యాస్ కాదు, గుండెపోటు. మూసుకున్న రక్తనాళం తెరిచి స్టెంట్ వేశారు. మనిషి బతికాడు కానీ గుండె కండరంలో కొంత భాగం పోయింది. ఇప్పుడు రెండంతస్తులు ఎక్కాలంటే మధ్యలో ఆగాలి. సెంట్రింగ్ మానేసి వాచ్‌మన్‌గా చేరాడు. జీతం సగమైంది.

అప్పటి నుంచి సైన్సు పాఠంలో గుండె బొమ్మ వేసినప్పుడల్లా ఈ సంగతి కూడా చెబుతున్నాను.

గుండెకూ రక్తం కావాలి

"గుండె నిండా రక్తమే కదా టీచర్, దానికి తక్కువవడమేంటి?" అని పిల్లలు అడుగుతారు. లోపలి గదుల్లో ఉన్న రక్తం ఒంటికంతా పంపడానికి. గుండె కండరానికి కావలసిన రక్తం బృహద్ధమని మొదట్లో పుట్టే రెండు హృదయ ధమనుల ద్వారా వస్తుంది. వాటి పెద్ద కొమ్మలు కూడా మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పే ఉంటాయి. ఏళ్ల తరబడి గోడల్లో కొవ్వు పేరుకుంటే దారి ఇరుకవుతుంది. మెట్లెక్కితే ఛాతీ బరువెక్కుతుంది, ఆగితే తగ్గుతుంది. ఆ పూత ఒకరోజు చిట్లితే అక్కడ రక్తం గడ్డకట్టి దారి పూర్తిగా మూసుకుపోతుంది. అదే గుండెపోటు.

తూము మూసుకుంటే చివరి మడి ఎండుతుందని రైతుబిడ్డలకు చెప్పక్కర్లేదు. కానీ మడికి మర్నాడు నీళ్లు పెట్టినా తేరుకుంటుంది. గుండె కండరం అలా కాదు. అరగంట నుంచే చావడం మొదలై, గంట గంటకూ ఆ మేర పెరుగుతుంది. చచ్చినచోట మచ్చే మిగులుతుంది.

దారి తెరిచే పద్ధతులు

మొదటిది, గడ్డను కరిగించే ఇంజెక్షన్. నొప్పి మొదలైన పన్నెండు గంటల లోపు ఇస్తారు. ఎంత ముందిస్తే అంత మేలు. కర్ణాటక ప్రభుత్వం పునీత్ రాజ్‌కుమార్ హృదయ జ్యోతి పథకం కింద తాలూకా ఆసుపత్రుల్లోనూ ఈసీజీ తీసి, అవసరమైనవారికి దీన్ని ఉచితంగా ఇస్తోంది.

రెండోది యాంజియోప్లాస్టీ. మణికట్టు నుంచో తొడ నుంచో సన్నని గొట్టం పంపి, ఇరుకైన చోట బెలూన్ ఉబ్బించి, స్టెంట్ అనే లోహపు జాలీ అమర్చుతారు. 1977 సెప్టెంబరు 16న జ్యూరిచ్‌లో డాక్టర్ గ్రుంట్‌జిగ్ తొలిసారి బెలూన్‌తో ఇలా దారి తెరిచారు. స్టెంట్ 1986లో వచ్చింది. ఖర్చు తగ్గించాలని మన హైదరాబాద్‌లో అబ్దుల్ కలాం, డాక్టర్ సోమరాజు కలిసి 1990లలో స్వదేశీ స్టెంట్ తయారుచేయించారు. లక్ష దాటి అమ్ముడైన మందుపూత స్టెంట్ ధరను కేంద్రం 2017 ఫిబ్రవరిలో 29,600 రూపాయలకు కట్టడి చేసింది.

మూడోది బైపాస్. ఛాతీలోని ధమనినో, కాలి సిరనో తెచ్చి అడ్డు దాటేలా కొత్త దారి కుడతారు. మన దేశంలో మొదటి బైపాస్ 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ చెరియన్ చేశారు.

మన కాడుగోడి మెట్రో ఎక్కితే నాలుగో స్టేషను సత్యసాయి హాస్పిటల్. 2001 జనవరి 19న మొదలైన ఆ ఆసుపత్రిలో గుండె వైద్యానికి డబ్బు తీసుకోరు. కానీ గుండెపోటు వచ్చిన గంటలో పేరు, ఖర్చు చూసుకుంటూ కూర్చోకూడదు. క్యాథ్‌ల్యాబ్ రాత్రింబవళ్లు నడిచే దగ్గరి ఆసుపత్రికే వెళ్లాలి.

మాట దాటితేనే మందు

మన బడి పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు, బయట కన్నడం, హిందీ మాట్లాడతారు. ఆసుపత్రిలో అమ్మానాన్నలకు దుబాసీలు వీళ్లే. ఆ తండ్రి కూడా మొదట పక్కవీధి క్లినిక్‌లో "గుండె బరువుగా ఉంది" అన్నాడట. పిల్లవాడికి అది దిగులుకు వాడే మాటగా తోచింది. "గ్యాస్" అని చెప్పేశాడు. గ్యాస్ మాత్ర ఇచ్చి పంపారు. తప్పు పిల్లవాడిది కాదు, ఆ మాటలు వాడికి మేం నేర్పలేదు.

ఇప్పుడు నేర్పుతున్నాం. మన ఎద, కన్నడంలో ఎదె. నొప్పి, నోవు. ఎడమ చెయ్యి, ఎడగై. చెమట ఒక్కటే వేరు: బెవరు. "అప్పనిగె ఎదె నోవు, ఈసీజీ మాడి" అన్న వాక్యం తరగతి అంతటికీ నోటికొచ్చింది.

పిల్లలకు చెప్పేవి ఇవే. ఛాతీలో బిగుతు, బరువు, మంట. భుజం, దవడ, ఎడమ చేతికి పాకే నొప్పి. చల్లటి చెమటలు, ఆయాసం వస్తే 108కి ఫోన్ చెయ్యండి. షుగరు ఉన్నవారికి, ఆడవారికి, పెద్దవయసువారికి నొప్పి లేకుండా నీరసం, ఆయాసమే ఉండవచ్చు. రోగిని నడిపించకండి, బండి నడపనివ్వకండి. ఎన్ని గంటలకు మొదలైందో కాగితం మీద రాసుకోండి. స్టెంట్ వేశాక నొప్పి లేదని మాత్రలు మానేస్తే అదే చోట మళ్లీ గడ్డకట్టవచ్చు.

మొన్నీమధ్య ఎనిమిదో తరగతి అమ్మాయి వాళ్ల అమ్మమ్మకు ఛాతీలో మంట అంటే రాత్రి పది గంటలకు 108 పిలిచింది. రెండుసార్లు ఈసీజీ తీసి, రక్తపరీక్ష చేసి, గ్యాసేనని తేల్చి పంపారు. ఊరికే అందరినీ హడలగొట్టానని మర్నాడు బడిలో తల దించుకుంది. లేదమ్మా, గ్యాసో కాదో తేల్చాల్సింది ఈసీజీయే, సోడా కాదు అని చెప్పి తరగతి చేత చప్పట్లు కొట్టించాను. అందరికంటే గట్టిగా కొట్టింది ఆ ఏడో తరగతి పిల్లవాడే. ఇప్పుడు వాడూ ఎనిమిదిలోనే ఉన్నాడు.