వెనుక ఇరుసులో దాగిన లెక్క

అమెరికాలో మన తెలుగు కుటుంబాలు పికప్ ట్రక్కు కొనడం ఇప్పుడు వింతేమీ కాదు. పడవనో, క్యాంపింగ్ ట్రైలర్‌నో లాగడానికి, ఇంటి పనులకు కలప, మట్టి మోయడానికి కొంటున్నాం. కొనేటప్పుడు ఇంజను ఎంత పెద్దది, సీట్లు ఎన్ని, ధర ఎంత అని అడుగుతాం. వెనుక ఇరుసు నిష్పత్తి, అంటే యాక్సిల్ రేషియో, ఎంత అని మాత్రం అడగం. ఒకే ఇంజను ఉన్న రెండు ట్రక్కులలో ఒకటి ఎక్కువ బరువు లాగడానికి ఈ అంకే కారణం కావచ్చు. అదేమిటో తెలుసుకుందాం.

ఇంజను శక్తి డ్రైవ్ షాఫ్ట్ అనే పొడవాటి గొట్టం ద్వారా వెనక్కి వెళుతుంది. దాని చివర చిన్న పళ్ళచక్రం, ఇరుసు మీద పెద్ద పళ్ళచక్రం ఉంటాయి. చిన్నదానికి 11 పళ్ళు, పెద్దదానికి 41 పళ్ళు ఉన్నాయనుకోండి. 41ని 11తో భాగిస్తే 3.73. అంటే షాఫ్ట్ 3.73 సార్లు తిరిగితే టైరు ఒక్కసారి తిరుగుతుంది.

పిల్లలూ! సైకిలు మీద మెరక ఎక్కేటప్పుడు వెనుక పెద్ద పళ్ళచక్రానికి మారుస్తారు కదా? ఎక్కువసార్లు తొక్కాలి, కానీ కాళ్ళకు బరువు తగ్గుతుంది. 4.10 అలాంటిది. చదును రోడ్డు మీద చిన్న చక్రం చాలు. 3.31 అలాంటిది.

ఇప్పుడు చిన్న లెక్క. 32 అంగుళాల టైరు మైలుకు సుమారు 630 సార్లు తిరుగుతుంది. గంటకు 60 మైళ్ళంటే నిమిషానికి ఒక మైలు. 3.55 ఉంటే షాఫ్ట్ నిమిషానికి దాదాపు 2,240 సార్లు, 4.10 ఉంటే దాదాపు 2,580 సార్లు తిరగాలి. అదే గేరులో లాగే బలం సుమారు 15 శాతం పెరుగుతుంది, ఇంజను తిరుగుడూ అంతే పెరుగుతుంది. గ్యాస్ ఖర్చు, చప్పుడు పెరుగుతాయి. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలి.

కాబట్టి రోజూ ఆఫీసుకు వెళ్ళిరావడానికే అయితే 3.21, 3.31 చాలు. అప్పుడప్పుడు చిన్న ట్రైలర్ లాగాలంటే 3.55 మధ్యేమార్గం. బరువైన ట్రైలర్‌తో కొండదారుల్లో వెళ్ళేవారికి 3.73, 3.92 మేలు. దిగేటప్పుడు ఇంజనుతో వేగం అదుపు చేయడానికీ అవి తోడ్పడతాయి. 2017లో ఫోర్డ్ ఎఫ్-150లో పది గేర్ల ఆటోమేటిక్ వచ్చింది. ఇలాంటి గేర్‌బాక్సుల వల్ల బయలుదేరేటప్పుడు తేడా కొంత తగ్గింది. అయినా ఎంత బరువు లాగవచ్చో కంపెనీ ఇచ్చే పట్టికలో ఇరుసు నిష్పత్తిని బట్టి అంకెలు మారుతూనే ఉన్నాయి. ఆ హద్దు దాటితే కుటుంబానికే ప్రమాదం.

పెద్ద టైర్లు వేయించాలని సరదాపడే యువకులకు ఒక మాట. 32 అంగుళాల టైర్లు తీసి 35 వేస్తే 3.55 కాస్తా 3.25 లాగా పనిచేస్తుంది. లాగే బలం తగ్గుతుంది. స్పీడోమీటర్ సరిచేయించకపోతే అది 60 చూపినప్పుడు అసలు వేగం 65 దాటుతుంది! నాలుగు చక్రాలకూ శక్తి అందే ట్రక్కులో వెనుక పళ్ళచక్రాలు మారిస్తే ముందువీ మార్చాలి. లేకపోతే గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ వేయగానే లోపలి భాగాలు దెబ్బతింటాయి.

మరి మంచులో పట్టు మాటేమిటి? పెద్ద అంకె బలాన్ని పెంచుతుంది, టైరుకు పట్టును ఇవ్వదు. మన ఎడ్లబండిలో ఇరుసు కదలదు, రెండు చక్రాలూ దేనికదే తిరుగుతాయి. ట్రక్కులో చక్రాలను ఇంజను తిప్పాలి. మలుపులో అవి వేర్వేరు వేగాలతో తిరగడానికి మధ్యలో డిఫరెన్షియల్ ఉంటుంది. మామూలు రకమైతే మంచు మీదున్న టైరు గిర్రున తిరుగుతుంది, పొడినేల మీదున్నది కదలదు. లిమిటెడ్ స్లిప్ లేదా లాకింగ్ రకం రెండో టైరుకూ పని చెబుతుంది. మంచు ప్రాంతాల్లో ఉండేవారు నిష్పత్తితోపాటు ఇదీ అడగాలి. మంచి శీతాకాలపు టైర్లు, వెనుక ఇరుసు మీదుగా కదలకుండా కట్టిన ఇసుక బస్తాలు కూడా సాయపడతాయి.

కొత్త ట్రక్కుకు కిటికీ మీద అంటించిన కాగితంలో ఈ అంకె చూడవచ్చు. పాతదైతే డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీదున్న కోడ్‌నో, వాహనం నంబర్‌నో డీలరుకు చెప్పి అడగండి. పెద్దలు సంతకం పెట్టే ముందు ఈ ఒక్క ప్రశ్న వేయాలి. టైరు ఎన్నిసార్లు తిరుగుతుందో పిల్లలు లెక్క కట్టి చెప్పాలి. ఇరుసు, నిష్పత్తి, పళ్ళచక్రం, పట్టు అనే నాలుగు తెలుగు మాటలూ ఆ లెక్కతోనే వస్తాయి.