లారీ టైర్ల బేరం: అంగట్లో చవక, ఘాటీలో ఖరీదు

విశాఖపట్నం: రేవులో దిగిన సరుకు ధర రోజూ బజారుకు తెలుస్తూనే వుంటుంది. టన్నుకు కిరాయి ఎంతో బ్రోకర్ల నోటనే వుంటుంది. ఆ కిరాయిలో డీజిలు తరువాత పెద్ద పద్దు టైర్లది. అయినా ఆ పద్దును సరిగా వేసుకునే లారీ యజమానులు తక్కువ. టైర్ల కొట్లో అడుగు పెట్టగానే వచ్చే మొదటి ప్రశ్న ‘ఎంత?’ అన్నదే. ఎన్ని కిలోలు మోస్తుంది, ఏ ఇరుసుకు వేయవచ్చు అన్నది అడిగేవారు అడుగుతారు, లేనివారు బిల్లు కట్టి వెళ్లిపోతారు.

బైలదిల్లా ఇనుప ఖనిజం రైలులో వస్తుంది గనుక దానితో లారీలకు పెద్దగా పని లేదు. బొగ్గు, మాంగనీసు ఖనిజం, ఎరువులు, కంటెయినర్ల సరుకు మాత్రం చాలావరకు రోడ్డెక్కుతాయి. ఉక్కు కర్మాగారం చువ్వలు, యాంగిళ్లు, ఛానెళ్లు కూడా అంతే. ఈ ఊరి సరుకుతో ఒక చిక్కు వుంది. చువ్వలు ఎక్కించిన లారీ చూడటానికి సగం బాడీ కూడా నిండినట్టుండదు, కాటా మీద మాత్రం తూకం అప్పటికే పూర్తి అయి వుంటుంది. గరివిడి వైపు పోయే మాంగనీసు ఖనిజమూ అటువంటిదే. కంటికి ఖాళీ కనిపించిన చోట మరో టన్ను వేయించాలన్న ఆశ కిరాయిదారుకీ పుడుతుంది, లారీ యజమానికీ పుడుతుంది. ఆ టన్ను వెళ్లి కూర్చునేది టైరు మీద.

టైరు పక్కన వున్న అంకెలు

2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఇరుసు బరువు పరిమితులను పెంచింది. ముందు ఇరుసుకు 6 టన్నులుండే పరిమితి 7 టన్నులయింది. నాలుగు టైర్లుండే వెనుక ఇరుసుకు 10.2 టన్నుల నుండి 11.5 టన్నులకు, జంట ఇరుసులకు 19 నుండి 21 టన్నులకు పెరిగింది. కాగితం మీద బరువు పెరిగిందని వర్తకులు సంతోషించారు. పాత టైరు మోసే శక్తి మాత్రం ఆ ఉత్తర్వుతో పెరగలేదు.

టైరు పక్కగోడ మీద సైజు పక్కనే 146/143, 149/146, 152/148 వంటి అంకెలు అచ్చయి వుంటాయి. మొదటిది టైరు ఒంటిగా వేసినప్పుడు, రెండవది జతగా వేసినప్పుడు మోయగల బరువుకు గుర్తు. 146 అంటే 3,000 కిలోలు, 143 అంటే 2,725 కిలోలు. 149కి 3,250, 148కి 3,150, 152కి 3,550 కిలోలు. ఇక లెక్క వేయడానికి కాగితం కూడా అక్కర లేదు. 146 గుర్తున్న టైర్లు రెండు ముందు వేస్తే 6 టన్నులు, అంటే సరిగ్గా పాత పరిమితి. కొత్త పరిమితి ప్రకారం 7 టన్నులు ఆ ఇరుసు మీద పడితే ఒక్కొక్క టైరు 500 కిలోలు అదనంగా మోయాలి. ముందు ఇరుసుకు నిండా 7 టన్నులు వచ్చే బండికి 152 తక్కువైన టైరు చాలదు. వెనుక ఒంటి ఇరుసుకు 143 గుర్తున్నవి నాలుగు వేసినా 10.9 టన్నులే అవుతుంది, అనుమతి మాత్రం 11.5. జంట ఇరుసుల బండిలో ఎనిమిది టైర్లు 21 టన్నులు పంచుకుంటాయి గనుక అక్కడ అదే టైరు సరిపోతుంది. ఒకే కొట్లోని ఒకే సైజు టైరు ఒక లారీకి తగినది, మరొక లారీకి తగనిది అయ్యేది ఇందువల్లనే. ఆర్టీఓ పట్టుకునేది మొత్తం బరువును. టైరు పట్టుకునేది దాని మీద పడ్డ బరువునే.

కిలోమీటరు లెక్క

ధర విషయానికి వస్తే, లెక్క కోసం రెండు టైర్లు అనుకుందాం. ఒకటి 18 వేల రూపాయలు, 60 వేల కిలోమీటర్లు నడుస్తుంది. రెండవది 23 వేలు, 90 వేల కిలోమీటర్లు నడుస్తుంది. మొదటిదానికి కిలోమీటరుకు 30 పైసలు, రెండవదానికి 25 పైసల పైచిలుకు. పది చక్రాల లారీ ఏడాదికి 80 వేల కిలోమీటర్లు తిరిగితే తేడా 35 వేల రూపాయలకు పైగా వుంటుంది. ఇది రీట్రెడింగు లెక్క కలపకుండానే. మంచి కేసింగు వున్న టైరుకు కొత్త తొడుగు వేయించుకోవచ్చు, నాసిరకం కేసింగు రెండవ వర్షాకాలానికే నీరు తాగి పొరలు విడిపోతుంది.

అలాగని ఖరీదైన హైవే రేడియల్ అందరికీ లాభమనుకోవడమూ పొరపాటే. రేవు నుండి గాజువాక గోదాముల దాకా షటిల్ కొట్టే లారీలో టైరు అరిగిపోయి చావదు, కోసుకుపోయి చస్తుంది. యార్డులో ఇనుప ముక్కలు, ఖనిజపు రాళ్లు, ఇరుకులో నిండు బరువుతో తిప్పే మలుపులు, ఇవన్నీ తొడుగును గీరేస్తాయి. అక్కడ కావలసింది కోతకు తట్టుకునే గట్టి తొడుగు. లక్ష కిలోమీటర్ల హామీ వున్న టైరును తెచ్చి రోజుకు ముప్ఫై కిలోమీటర్లు నడిపితే, ఆ హామీ కొట్టువాడి గోడమీది పటమే.

ఎక్కడిది ఎక్కడికి

రాయపూర్ వైపు పోయే లారీలు విజయనగరం, సాలూరు దాటి ఒడిశాలోని సుంకి ఘాటీ ఎక్కుతాయి. సాలూరు లారీల ఊరని పేరున్నది. అక్కడి డ్రైవర్లకు ఘాటీ కొత్త కాదు. ఎక్కేటప్పుడు భారం వెనుక టైర్ల మీద, దిగేటప్పుడు బ్రేకుల మీద. బ్రేకు డ్రమ్ము వేడి రిమ్ములోకి, రిమ్ము నుండి టైరు అంచులోకి పాకుతుంది. తొడుగు బాగానే కనిపించిన టైరు అంచు దగ్గర పగలడానికి కారణం తరచు అదే.

అనుభవమున్నవారు పాటించే క్రమం ఇది. కొత్త టైరు ముందు ఇరుసుకే వెళ్తుంది. సగం అరిగాక దాన్ని వెనుకకు తెస్తారు, తరువాత రీట్రెడ్ చేయించి వెనుకనే వాడతారు. రీట్రెడ్ టైరు ముందుకు రాదు. వెనుక టైరు పేలితే జత టైరు కొంత దూరం మోస్తుంది, ముందు పేలితే స్టీరింగు చేతిలో వుండదు. ఘాటీ మలుపులో దాని ఫలితం సరుకు యజమానికి కూడా తెలిసివస్తుంది. ఒకే ఇరుసు మీద నైలాను ఒకటి, రేడియల్ ఒకటి కలపరాదు.

వెనుక జంటలో చాలామంది చేసే తప్పు, కొత్తది ఒకటి, అరిగినది ఒకటి జతపరచడం. రెంటి వ్యాసంలో తేడా 6 మిల్లీమీటర్లు మించరాదు. మించితే పెద్దది బరువంతా మోస్తూ వేడెక్కుతుంది, చిన్నది రోడ్డును ఈడ్చుకుంటూ అరుగుతుంది. ఒక టైరు ఖర్చు మిగిల్చామనుకుంటే రెండూ పోతాయి. కొద్దిపాటి తేడా తప్పనప్పుడు పెద్దదాన్ని వెలుపల వేయాలి. రోడ్డు అంచులకు వాలుగా వుండటం వల్ల లోపలి టైరు మీద ఎలాగూ బరువెక్కువ.

ముందు టైరు ఒక భుజం వైపే అరుగుతుంటే దాన్ని కుడి నుండి ఎడమకు మార్చి ఊరుకునేవారున్నారు. అలైన్‌మెంటు సరిచేయించకుండా మారిస్తే రోగం రెండవ టైరుకు పంచినట్టే. గాలి సంగతి మరీ అన్యాయం. లోపలి టైరు వాల్వు చేతికందదని క్లీనరు సుత్తితో కొట్టి చప్పుడు విని సరేనంటాడు. ఆ చప్పుడుకు ఖాళీ టైరు తెలుస్తుంది గాని, ఇరవై పౌన్లు తగ్గిన టైరు తెలియదు. గాలి కొలవవలసింది ఉదయం బండి కదలక ముందు. మధ్యాహ్నం వేడెక్కిన టైరులో ఒత్తిడి పెరిగిందని గాలి తీసేస్తే, చల్లారాక అది తక్కువ గాలి టైరే. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టం ప్రకారం టైరు మార్చాలి. వానాకాలం ఘాటీకి పోయే బండికి అంతదాకా ఆగనివారే తెలివైనవారు.

లారీలు తిప్పే ఇంట్లో ఇప్పుడు కుర్రవారికి వేగం కార్లు కూడా వున్నాయి గనుక వాటి మాట కూడా కొంత. అక్కడ టైరు మీద చూడవలసింది వేగపు అక్షరం. వి అంటే గంటకు 240, డబ్ల్యు అంటే 270, వై అంటే 300 కిలోమీటర్లు. బీచి రోడ్డున భీమిలి దాకా పోయే కారుకు ఆ వేగం అక్కరలేకపోయినా, కంపెనీ పెట్టిన అక్షరం కన్న తక్కువది వేయరాదు. మెత్తని రబ్బరు రోడ్డును బాగా పడుతుంది, అంతే త్వరగా అరుగుతుంది. 8 నుండి 10 వేల కిలోమీటర్లకు ఒకసారి మార్చాలి. ముందు చక్రాలు లాగే కారులో ముందువి తిన్నగా వెనుకకు, వెనుకవి ఐమూలగా ముందుకు. వెనుక చక్రాలు తోసే కారులో వెనుకవి తిన్నగా ముందుకు, ముందువి ఐమూలగా వెనుకకు. పక్కన బాణం గుర్తున్న టైరు ఆ పక్కనే వుండాలి. ముందు ఒక సైజు, వెనుక వెడల్పు సైజు వున్న కారులో ముందువెనుకల మార్పిడే లేదు. వెనుక రెండూ ముందుగా కొనక తప్పదు, ఆ ఖర్చు కారు కొనేనాడే లెక్కలో వుండాలి.

రబ్బరు, పన్ను, అరువు

దేశంలో సహజ రబ్బరు వాడకంలో మూడింట రెండు వంతులకు పైగా టైర్లకే పోతుంది. కారు టైరులో కన్న లారీ టైరులో దాని పాలు ఎక్కువ, వేడికి తట్టుకోవడానికి. అందుకే కొట్టాయం బజారు దగ్గితే ఆటోనగర్ తుమ్ముతుంది. 2024 ఆగస్టులో నాలుగవ రకం షీటు రబ్బరు కిలో 247 రూపాయల రికార్డు ధర పలికింది. దిగుమతి చేసుకుందామంటే నూటికి 25 లేదా కిలోకు 30 రూపాయలు, ఏది తక్కువైతే అది సుంకం. చౌక విదేశీ టైర్ల దారి కూడా ఇరుకైంది. చైనా లారీ రేడియళ్లపై 2017లో డంపింగు నిరోధక సుంకం వచ్చింది, 2020 జూన్‌లో పలురకాల టైర్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి అయింది. అచ్యుతాపురంలో 2022 ఆగస్టులో యొకొహామా వారి ఫ్యాక్టరీ ప్రారంభమైంది. అక్కడ మొదలైనది పొలాలకు, గనులకు వాడే టైర్లతో గనుక లారీ టైర్ల ధరకు దానివల్ల ఊరట కలగలేదు.

ఊరట వచ్చింది పన్నులో. 2025 సెప్టెంబరు 22 నుండి కొత్త టైర్లపై జీఎస్టీ 28 నుండి 18 శాతానికి తగ్గింది. మూలధర మారకపోతే పన్నుతో కలిపిన ధర నూటికి 7 రూపాయల 80 పైసల దాకా తగ్గాలి. రివర్స్ ఛార్జి కింద నడిచే ట్రాన్స్‌పోర్టు వారికి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు కనుక వారికి ఇది నికరమైన మిగులు. పాత బిల్లుతో పోల్చి చూసుకోవడం కొనేవారి పని.

తగ్గింపు ధరకు వచ్చే లాట్లలో తయారీ తేదీ చూడక కొనరాదు. పక్కగోడ మీద చివరి నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం. 2324 అంటే 2024లో 23వ వారం. ఎండ తగిలే వరండాలో, మోటార్ల పక్కన నిల్వ చేసిన టైరు అమ్ముడుపోకముందే బీటలు తీస్తుంది. ఐఎస్ఐ గుర్తు లేనిది తాకనే రాదు.

ఒక్క లారీ వున్న యజమానికి మాత్రం అసలు చిక్కు వేరే. ఫైనాన్సు వాయిదా కట్టాక చేతిలో మిగిలేది తక్కువ గనుక టైరు అరువుకు తీసుకుంటాడు. అరువు టైరుకు వడ్డీ విడిగా రాయరు, ధరలోనే వుంటుంది. పైగా ఏ కంపెనీ, ఏ గుర్తు అన్నది అరువిచ్చినవాడి ఇష్టం. రేవు సరుకు ఎత్తే వర్తకులు కొందరు కిరాయి బకాయిలు రెండు మూడు నెలలు నిలిపివుంచుతారు. ఆ బకాయి వారం ముందు అందితే అతడు నగదుకు 152 గుర్తు టైరే కొనగలడు. తమ సరుకు ఘాటీ దిగేది ఆ టైర్ల మీదే గనుక ఈ లెక్క వర్తకుల చిట్టాకూ చెందుతుంది.

ఏటా జూన్ నుండి వానల వల్ల కేరళలో పాలు తీయడం మందగించి రబ్బరు ధర గట్టిపడటం, అక్టోబరు నుండి జనవరి వరకు దిగుబడి పెరిగి మెత్తబడటం మామూలు. రబ్బరు గట్టిపడినప్పుడు టైరు ధరల సర్క్యులరు వారాలలో వస్తుంది. మెత్తబడినప్పుడు మాత్రం ఆ సర్క్యులరు కోసం డీలర్లే ఎదురుచూస్తూ కూర్చుంటారు.